కింద పెట్టిన ఫింజాన్

సలామా పనిచేసే మెట్రో స్టేషన్ దుబాయ్‌లో ఇసుక వైపు చివర్లో ఉంటుంది. ఎత్తైన స్తంభాల మీద, ముత్యపు చిప్పను బోర్లించినట్టు బంగారు రంగు కప్పు. ఒక పక్క పెద్ద రోడ్డు, రెండో పక్క కార్లు నిలిపే చోటు, దాని వెనక ఇంకా ఎవరూ ఇల్లు కట్టని ఇసుక. గాలి లేచిందంటే ఆ ఇసుక ఎస్కలేటరెక్కి, టికెట్టు గేట్లు దాటి, ప్లాట్‌ఫాం మీదికే వచ్చేస్తుంది. "టికెట్టు లేకుండా రోజూ పైకొచ్చేది ఇదొక్కటే" అంటుంది సలామా, ఊడ్చేవాళ్ళతో.

మెట్రో మొదలైనప్పుడు ఉద్యోగంలో చేరిన ఆడపిల్లల్లో ఆమె ఒకతె. అప్పటినుంచీ ఆ కౌంటరే. కార్డు పోగొట్టుకున్నవాళ్ళు, తప్పిపోయిన పిల్లలు, గులాబీ గీత చూడకుండా ఆడవాళ్ళ పెట్టెలోకి ఎక్కేసి ఇప్పుడు జరిమానా కట్టాలా అని నిలువుగుడ్లేసుకుని అడిగే మగవాళ్ళు, అందరూ ఆమె దగ్గరికే వస్తారు. గొంతు పెంచదు. వాళ్ళ నాన్న ఉబైద్ కూడా అంతే, గొంతు పెంచే రకం కాదు. పెంచకుండానే పంతం నెగ్గించుకునే రకం.

ఆయన చిన్నతనంలో ఊరి మధ్యకి వచ్చే సముద్రపు పాయ ఖోర్ మీద అబ్రా నడిపాడు. ఈ ఒడ్డున జనాన్ని ఎక్కించుకుని ఆ ఒడ్డున దింపే చెక్క పడవ అది. తర్వాత రేవులో ప్రభుత్వోద్యోగం చేసి రిటైరయ్యాడు కానీ, మనిషి మాత్రం ఆ పడవలోంచి దిగనే లేదు. కుర్చీలో కూర్చున్నా ఎడమచెయ్యి వెనక్కి పెట్టి చుక్కాని పట్టుకున్నట్టే కూర్చుంటాడు. అయిదుగురు కూతుళ్ళలో నలుగురు అత్తవారిళ్ళకి వెళ్ళిపోయారు. భార్య పోయింది. ఇంట్లో మిగిలింది ఆయనా, చివరిదైన సలామా.

సలామా ఉద్యోగంలో చేరతానన్న రోజు మజ్లిస్‌లో, అంటే ఇంట్లో అతిథులు కూర్చునే గదిలో, బంధువులంతా ఉన్నారు. ఆడపిల్ల రైలు స్టేషన్లోనా అని ఒకాయన గొణిగాడు. ఉబైద్ ఆయన్ని చూపుతోనే కూర్చోబెట్టేశాడు. తర్వాత అందరూ వినేలా తన మాట చెప్పాడు.

"నా కూతురు పని చేస్తుంది. ఆ మెట్రో కాళ్ళ దాకా నేనే తీసుకెళ్తాను, కాళ్ళ దగ్గర్నుంచి నేనే తీసుకొస్తాను. పైకెక్కడం మాత్రం నా వల్ల కాదు. ముఖం కనబడని సరంగు పడవ నేనెక్కను."

అది డ్రైవర్ లేని రైలని అప్పుడే పత్రికల్లో వచ్చింది. అబ్రా ఎక్కేవాళ్ళు ముందు చుక్కాని దగ్గరున్నవాడి ముఖం చూస్తారని, ఆ ముఖం నిమ్మళంగా ఉంటేనే వాళ్ళూ నిమ్మళంగా కూర్చుంటారని ఆయన నమ్మకం. నలుగురి ముందు అన్న మాట. ఇక అంతే. పదిహేనేళ్ళు గడిచినా ఆయన ఒక్కసారి కూడా ఆ ఎస్కలేటర్ మీద కాలు పెట్టలేదు.

మాటలో రెండో సగం కూడా తప్పలేదు. సలామాకి మధ్యాహ్నం షిఫ్టయితే తన పాత పికప్‌లో తెచ్చి దింపుతాడు. ఇంటికి వెళ్ళి మళ్ళీ రావడమెందుకని అక్కడే రెండు స్తంభాల మధ్య, గాఫ్ చెట్టు పక్కన నీడలో చాప పరుస్తాడు. ఫ్లాస్కులో యాలకులేసి కాచిన కాఫీ, డబ్బాలో ఖర్జూరాలు, గుడ్డలో చుట్టిన ఫింజాన్‌లు. ఫింజాన్ అంటే పిడి లేని బుల్లి పింగాణీ గిన్నె, రెండు గుక్కలు పడుతుంది. చాప పరిచాక వచ్చేపోయే వాళ్ళందరూ అతిథులే. టాక్సీవాళ్ళు, బస్సు డ్రైవర్లు, డ్యూటీ దిగిన ఊడ్చేవాళ్ళు. ఎవరు కూర్చున్నా కాఫీ పోస్తాడు. చాలనుకుంటే గిన్నెను అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఊపకపోతే పోస్తూనే ఉంటాడు.

ఈ సంగతి తెలియక గుల్ జమీన్ మొదటి రోజు కడుపు ఉబ్బేలా తాగాడు. పెషావర్ అవతల కొండ ఊరి పఠాన్, టాక్సీ నడుపుతాడు. పోసిన కాఫీ వద్దంటే పెద్దాయనకి అవమానమనుకుని తాగుతూ పోయాడు. ఆయనేమో పాపం, ఎంత దాహం మీదున్నాడో అనుకుని పోస్తూ పోయాడు. చివరికి పక్కనున్న సూడాన్ బస్సు డ్రైవర్ జాలిపడి గుల్ మణికట్టు పట్టుకుని తనే ఊపాడు.

అంతకన్నా పెద్ద కథ ఆ ఏడు చలికాలంలో జరిగింది. గుల్ చేతికి ఫింజాన్ అందించగానే అతని ఫోను మోగింది. గిన్నెను పెదవికైనా తాకించకుండా చాప మీద పెట్టి, ఊళ్ళో తమ్ముడితో కాసేపు అరిచి, ఇటు తిరిగాడు. ఉబైద్ నిటారుగా కూర్చుని తననే చూస్తున్నాడు.

"అడుగు" అన్నాడు.

"ఏమడగాలి కాకా?"

"గిన్నె తాగకుండా కింద పెట్టావు. మాలో అతిథి అలా పెట్టాడంటే ఏదో అడగడానికి వచ్చాడని. తీరుస్తానని ఇంటివాడు మాటిచ్చేదాకా ముట్టడు. ఇల్లడిగినా, ఒంటెనడిగినా ఇచ్చి తీరాలి. భయపడకు, అడుగు."

గుల్‌కి చలికాలంలో చెమట పట్టింది. ఫోనొచ్చి పెట్టానంటే ముసలాయన గంభీరమంతా గాలికి పోతుంది. ఏదో ఒకటి అడగాలి, అదీ చిన్నదై ఉండాలి.

"మరి... కొంచెం చక్కెర దొరికితే..."

సూడాన్ డ్రైవర్ నవ్వు ఆపుకోలేక లేచి చెట్టు వెనక్కి వెళ్ళిపోయాడు. ఆ కాఫీలో చక్కెర వెయ్యడమంటే పాయసంలో ఉప్పు వేసినట్టే. ఉబైద్ ముఖం ఒక్క క్షణం మబ్బు పట్టింది. కానీ మాట మాటే. పై కౌంటర్లో ఉన్న సలామాకి ఫోన్ చేశాడు.

"పైన కొట్లో చక్కెర డబ్బా ఉంటుందా?"

"ఉంటుంది యుబా. ఎందుకు?" తండ్రిని సలామా యుబా అని పిలుస్తుంది, వాళ్ళలో అందరిలాగే.

"ఎందుకని అడక్కు. పట్టుకురా. ఎవరికీ కనబడకుండా పట్టుకురా."

ఆనాటినుంచి గుల్ కాఫీలో ఒక చక్కెర బిళ్ళ పడుతూనే ఉంది. వేసేటప్పుడు మాత్రం ఉబైద్ ముఖం పక్కకి తిప్పుకుంటాడు.

"కప్పు చూడు, చిప్పంత చిప్ప కట్టారు. ముత్యమేది?" అని మెట్రోని ఎప్పుడూ వెక్కిరిస్తుంటాడాయన. ఆయన తండ్రి సముద్రంలో మునిగి ముత్యాలు తీసినవాడు.

"ముత్యం పైన కౌంటర్లో కూర్చుంది కదా కాకా. నువ్వే ఎక్కి చూడవు" అనేవాడు గుల్.

"నాకు ఇంట్లో కనబడుతుందిలే. నువ్వు నీ షర్బత్ తాగు."

పైన గాజు వంతెన మీద నడుస్తూ సలామా ఒక్కోసారి ఆగి కిందికి చూసేది. చాప మీద నాన్న తెల్ల కందూరా, ఆ పొడుగు అంగీ చుట్టూ రకరకాల యూనిఫారాలు. ఎవరో ఏదో అంటారు, అందరూ నవ్వుతారు. మాట వినబడదు, ఆ నవ్వు మాత్రం గాజులోంచి కూడా తెలుస్తుంది. అమ్మ పోయాక నాన్నని నిలబెట్టింది ఇంటి మజ్లిస్ కాదని, ఆ చాపేనని ఆమెకి తెలుసు.

ఈ ఏడాది ఉబైద్ లైసెన్సు కొత్తది చేయించుకోవడానికి వెళితే కంటి పరీక్ష దగ్గర ఆపేశారు. కంటిలో మసక, ఇక బండి నడపడానికి వీల్లేదన్నారు. ఆయన వాదించలేదు. పికప్ తాళంచెవి తెచ్చి మజ్లిస్ గూట్లో పెట్టాడు.

మర్నాడు సలామా ఒక్కతే బయల్దేరింది. ఇంటి దగ్గరా ఒక స్టేషన్ ఉంది. అక్కణ్ణుంచి తన స్టేషన్ నాలుగోది. రైలెక్కితే కాఫీ కాచినంతసేపు పట్టదు. "నువ్వూ రా యుబా" అంది గుమ్మంలో. ఆయన విననట్టు ఖర్జూరం గింజ తీస్తూ కూర్చున్నాడు.

అక్కలు తలా ఒక ఉపాయం చెప్పారు. మా డ్రైవర్ని పంపుతామంది పెద్దక్క. "ఎవరి కారులోనో మూటలా కూర్చుని వెళ్ళి, అక్కడ నేను జనాన్ని పిలిచి కాఫీ పొయ్యాలా?" అన్నాడాయన. టాక్సీ అన్నారు. గుల్ అయితే మీటరు వెయ్యడు, వెయ్యకపోతే నేనెక్కను అన్నాడు. ప్రతిదానికీ ఒక జవాబుంది. ఆ జవాబులన్నిటి కిందా ఉన్నది ఒకటే, నలుగురిలో అన్న ఆ పాత మాట. ఇప్పుడు కళ్ళు పోయాయి కాబట్టి మాట వెనక్కి తీసుకున్నాడని అనిపించుకోవడం ఆయన వల్ల కాదు.

కాఫీ కాచడం మాత్రం మానలేదు. మధ్యాహ్నం నమాజ్ అయ్యాక గింజలు వేయిస్తాడు, దంచుతాడు, కొమ్ము కూజా దల్లా నిండా కాస్తాడు. ఒక్క ఫింజాన్ తాగుతాడు. మిగతాది సాయంత్రం వాకిట్లో వేపచెట్టు మొదట్లో పోస్తాడు. సలామా షిఫ్టు నుంచి వచ్చేసరికి చెట్టు కింద నేల నల్లగా తడిసి, యాలకుల వాసన వేస్తుండేది. మాట తగ్గింది, భోజనం తగ్గింది. ఒకరోజు వచ్చేసరికి చాప చుట్టి గోడకి ఆనించి ఉంది, దాని మీద ధూళి తుడిచినవాడే లేడు. ఇలాగే వదిలేస్తే మనిషి ఆ గోడకే ఆనుకుని ఉండిపోతాడనిపించింది.

స్తంభాల మధ్య చోటు ఖాళీగా ఉంది. గుల్ ఒకరోజు పైకి, కౌంటర్ దగ్గరికే వచ్చేశాడు.

"బీబీ, కాకా ఏడి? అలిగాడా? చక్కెర గురించేనా? మానేస్తానని చెప్పు."

సలామా నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళ సంగతి, మాట సంగతి చెప్పింది. "నేను అడిగీ అడిగీ అలిసిపోయాను గుల్. నేను ఇంటిపిల్లని. నేనడిగితే అది అడగడం కాదు, పోరడం."

గుల్ గడ్డం గోక్కుంటూ నిలబడ్డాడు. వెనక జనం క్యూ కట్టారు. "ఇంటిపిల్లవి" అన్నాడు, ఆ ముక్కనే నములుతున్నట్టు. "నిజమే. అతిథివి కాదు." వెనక్కి తిరిగి ఎస్కలేటర్ దిగిపోయాడు.

శుక్రవారం సలామాకి సెలవు. మధ్యాహ్నం దాటాక వాకిట్లో టాక్సీ ఆగింది. ఉతికి ఇస్త్రీ చేసిన సల్వార్ కమీజ్, దాని మీద నల్ల కోటు వేసుకుని గుల్ దిగాడు. ఆ ఇంటికి అతను రావడం అదే మొదలు.

ఉబైద్ ముఖంలో చాలా రోజులకి వెలుగొచ్చింది. "మర్‌హబా, మర్‌హబా! సలామా, ఖర్జూరాలు! చక్కెర కూడా పట్టుకురా, ఏం చేస్తాం, వచ్చినవాడు ఇతను."

సలామా పళ్ళెం పెట్టి లోపలి గది తెర వెనక నిలబడింది. ఉబైద్ తనే దల్లా ఎత్తి, ఎడమచేత్తో పోసి, కుడిచేత్తో అందించాడు. గుల్ రెండు చేతులా అందుకున్నాడు. వాసన చూశాడు. ఒక్కసారి ఊపిరి పీల్చుకుని, గిన్నెను మెల్లిగా తివాచీ మీద పెట్టేశాడు.

ఈసారి ఫోను మోగలేదు.

ఉబైద్ గిన్నె వైపు చూశాడు, అతని వైపు చూశాడు. "చక్కెర వేస్తాను, ఆగు."

"చక్కెర వద్దు కాకా."

"మరి?"

"రేపు మధ్యాహ్నం నువ్వు సలామాతో రైలెక్కి మా దగ్గరికి రావాలి."

తెర వెనక సలామా అరచేత్తో నోరు మూసుకుంది.

"ఇది నీకు ఎవరు నేర్పారు?" అన్నాడు ఉబైద్.

"నువ్వే. చాప మీద."

"ఇంకోటి అడుగు. బయట పికప్ ఉంది. తాళంచెవి అదిగో గూట్లో. తీసుకుపో, నీదే."

"నాకు కారెందుకు కాకా? రోజంతా కార్లోనే కూర్చుంటాను. నడుం పడిపోయింది."

"నేను నలుగురిలో మాట అన్నాను. నీకు తెలియదు."

"తెలుసు. నువ్వు నీ అంతట నువ్వు ఎక్కితే మాట తప్పినట్టు. అతిథి అడిగితే ఎక్కడం మాట తప్పడం ఎలా అవుతుంది? ఇల్లడిగినా ఇవ్వాలన్నావు. నేను ఇల్లడగలేదు."

సాయంత్రపు అసర్ నమాజ్‌కి బాంగు వినబడింది. ఉబైద్ లేచి మసీదుకి నడిచాడు. గుల్ కూడా వెనకే వెళ్ళి, పక్కనే నిలబడి నమాజ్ చేసి, వెనకే వచ్చి అదే చోట కూర్చున్నాడు. ఫింజాన్ పెట్టినచోటే ఉంది. కాఫీ మీద సన్నటి పొర కట్టింది. అతిథి ముందు గిన్నె అలా చల్లారిపోవడాన్ని ఆ ముసలాయన చూడలేక చూడలేక చూస్తున్నాడు. ఆ ఇంట్లో అలాంటిది ఎన్నడూ జరగలేదు.

"పఠాన్ అంటే మొండివాడని విన్నాను" అన్నాడు చివరికి. "ఇంత మొండివాడనుకోలేదు. తాగు."

"అంటే వస్తావా?"

"ఒక్కసారి. తాగు. కాదు, ఆగు, అది చల్లారింది. పారబోసి వేరేది పోస్తాను."

"ఇదే తాగుతాను" అన్నాడు గుల్. చల్లటి చేదు కాఫీని అడుగంటా తాగి, ముఖం వికారంగా పెట్టి, గిన్నెను ముచ్చటగా ఊపి ఇచ్చాడు. ఉబైద్‌కి నవ్వాగలేదు.

మర్నాడు ఆయన ఇస్త్రీ కందూరా వేసుకున్నాడు. చేతిలో ఫ్లాస్కు, చంకలో చాప. ఎస్కలేటర్ దగ్గర తండ్రి తడబడతాడేమోనని సలామా మోచెయ్యి పట్టుకోబోయింది. ఆయన విదిలించుకుని, కదులుతున్న మెట్టు మీద ఠక్కున కాలు వేసి నిలబడ్డాడు. ఊగే పడవలోంచి రేవు మీదికి, రేవు మీంచి పడవలోకి దూకి పెరిగిన కాళ్ళు అవి. కిందే ఆగి బెదిరిపోతున్న ఒక పడుచువాణ్ణి చూసి "ఆలోచించకు. వెయ్యి!" అన్నాడు.

"లోపల కాఫీ పొయ్యకూడదు యుబా" అంది సలామా పైకొచ్చాక. "ఎవరికీ. మూత తియ్యనే కూడదు. రూలు."

"అతిథికి పోసినా?"

"ఎవరికి పోసినా. జరిమానా రాసేది మావాళ్ళే. నా పరువు తియ్యకు."

రైలొచ్చి ఆగింది. గాజు తలుపులు తెరుచుకున్నాయి. ఆ వైపు వెళ్ళే రైలుకి ఆడా మగా అందరూ ఎక్కే మామూలు పెట్టె ముందుంటుంది, ముక్కున పెద్ద అద్దం. ఉబైద్ లోపల కాలు పెట్టగానే, అబ్రా ఎక్కిన ప్రతివాడూ చేసేదే చేశాడు. గొంతెత్తి పెట్టె మొత్తానికి వినబడేలా "అస్సలాము అలైకుమ్" అన్నాడు.

ఫోన్లలోంచి తలలన్నీ ఒక్కసారి లేచాయి. టికెట్లు చూసేవాడొచ్చాడనుకుని కొందరు జేబులు తడుముకున్నారు. సలామాకి చెవులు వేడెక్కాయి. ఒక్కరూ పలకలేదు. ఉబైద్ అలాగే నిలబడ్డాడు, బదులు రాకుండా కూర్చోవడం తెలియని మనిషి. తలుపులు మూసుకుంటున్నాయని రికార్డు గొంతు మాత్రం పలికింది.

"అలైకుమ్ సలాం" అన్నాడు మూల నుంచి మేస్త్రీలా ఉన్న ఒకాయన. తర్వాత కొంచెం ఆగి, సీట్లో ఉన్న ఫిలిప్పీన్స్ నర్సు, అది తనకేనా అన్నట్టు చూసి, చిన్నగా అదే మాట అని, లేచి చోటిచ్చింది. ఆయన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, కూర్చోమని ఆమెకే సైగ చేసి, నేరుగా అద్దం దగ్గరికి నడిచాడు.

అక్కడ ఎవరూ లేరు. సరంగూ లేడు, చుక్కానీ లేదు. ముందు పట్టాలు ఎత్తున మెలికలు తిరుగుతూ వెళ్తున్నాయి, రెండు పక్కలా గాలికి కొట్టుకుపోతున్న ఇసుక. ఉబైద్ కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. ఎడమచెయ్యి దానంతట అదే వెనక్కి వెళ్ళింది. మలుపు వచ్చినప్పుడల్లా ఆ చెయ్యి కొంచెం కదలడం సలామా చూసింది. వెనకనున్నవాళ్ళ వైపు ఆయన ఒకసారి ముఖం తిప్పి నిమ్మళంగా చూశాడు, ఏం పరవాలేదన్నట్టు. ఆ మేస్త్రీ ఎందుకో తల ఊపాడు.

చిప్ప కప్పు దగ్గరైంది. వేగం తగ్గింది. కింద గాఫ్ చెట్టు, స్తంభాలు, టాక్సీల వరుస. చెట్టు పక్కన మసగ్గా ఒక ఆకారం రెండు చేతులూ పైకెత్తి పిచ్చివాడిలా ఊపుతోంది.

"ఎవరది?" అన్నాడు ఉబైద్, కళ్ళు చికిలించి.

"ఎవరై ఉంటారు?" అంది సలామా.

ఆయన ఫ్లాస్కుని గుండెలకి గట్టిగా అదుముకున్నాడు. ప్లాట్‌ఫాం మీద దిగాక, వెళ్ళిపోతున్న రైలు వైపు తిరిగి కాసేపు చూశాడు.

"ఎలా ఉంది యుబా?"

"పడవ బాగానే ఉంది" అన్నాడు. "ఎక్కేవాళ్ళకే మర్యాద రాదు."

ఆ సాయంత్రం చాప మీద ఏం మాట్లాడుకున్నారో సలామాకి తెలియదు. రెండుసార్లు గాజు వంతెన మీదికి వచ్చి చూసింది. రెండుసార్లూ నవ్వుతున్నారు. షిఫ్టయ్యాక ఇద్దరూ రైల్లోనే తిరిగొచ్చారు. ఇంట్లోకి రాగానే ఆయన చాపని మళ్ళీ గోడకి ఆనించాడు. అది చూసి సలామాకి ప్రాణం ఉసూరుమంది. ఒక్కసారి అన్నాడు. ఒక్కసారి వచ్చాడు. ఇంకోసారి గిన్నె కింద పెట్టమని గుల్‌ని ఏ ముఖంతో అడగడం?

మర్నాడు మధ్యాహ్నం ఆమె షిఫ్టుకి తయారై, చప్పుడు చెయ్యకుండా చెప్పులు వేసుకుంటుంటే, వెనక ఫ్లాస్కు మూత బిగించిన చప్పుడు వినబడింది. తిరిగి చూస్తే ఉబైద్, చంకలో చాప.

ఆమె ఏమీ అడగలేదు. అడగనందుకు ఆయనే చెప్పాల్సొచ్చింది.

"నిన్న నా సలాముకి ఇద్దరే బదులిచ్చారు" అన్నాడు, కందూరా సర్దుకుంటూ. "ఇంకో ఇద్దరు పెదాలు కదిపారు, నేను చూశాను. సగం పని అలా వదిలేస్తే ఎలా?"

"సరే, పద" అంది సలామా. తలుపు దాకా వెళ్ళి, గుర్తొచ్చి వెనక్కి వచ్చింది. వంటింటి గట్టు మీదున్న చక్కెర డబ్బా తీసి బ్యాగులో వేసుకుంది. ఉబైద్ అది చూసి, ముఖం పక్కకి తిప్పుకున్నాడు.